మల్ల అన్న మాట

పటియాలా,
28 జులై 2024

మామకు దండం.

నేను బాగానే ఉన్నానని ముందే రాసేస్తున్నాను. లేకపోతే నువ్వు మధ్యలోదంతా వదిలేసి చివరి పేజీ తిప్పి చూస్తావు. ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని హాస్టల్లో అందరూ నవ్వుతున్నారు. మా మామ కుడి చెవిని బాక్సింగే తినేసిందని, ఫోన్లో ఆయనకు సగమే వినబడుతుందని చెప్పాను. మొన్న నేను ‘ఇక్కడి రొట్టెలు తినలేకపోతున్న’ అంటే నువ్వు ‘కొట్టేటప్పుడు మోచెయ్యి చూస్కో’ అన్నావు. ఇక మీదట ఉత్తరాలే మేలు.

ఈ శిక్షకుల కోర్సులో పొద్దున పరుగు, మధ్యాహ్నం పాఠాలు. ఏ కండరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో బొమ్మలు గీయిస్తున్నారు. పదేళ్ళు బాక్సింగ్ ఆడిన దాన్ని, భుజం బొమ్మ గీయలేక మార్కులు పోగొట్టుకున్నాను. నువ్వు నవ్వకు.

ఇప్పుడు అసలు సంగతి. ‘గొప్ప శిక్షకుడు అంటే ఎవరు’ అని ఐదు పేజీలు రాయాలి. పేరున్న వాళ్ళ గురించి కాదు, మాకు నేర్పిన మనిషి గురించి. ఎల్బీ నగర్‌లో టైర్ల షాపు వెనక రేకుల షెడ్డులో నాకు పదకొండేళ్ళప్పుడు గ్లవ్స్ తొడిగిన లింగస్వామి గారి గురించి రాయబోతున్నాను. ఆయన ఎట్లా నేర్పుతాడో ఆయన్నే అడుగుదామనుకున్నాను. సిగ్గుపడకుండా రాయి.

ఆగస్టు మూడున రాష్ట్ర పోటీలు కదా, తన్మయి ఎట్లా ఉంది? ఎడమచేతి వాటం పిల్ల అని నాకు నేర్పని విద్యలన్నీ ఆమెకు నేర్పుతున్నావని అమ్మ చెప్పింది. మంచిదే. నేను కుళ్ళుకుంటున్నానని అనుకోకు. కొంచెమే.

నీ మేనకోడలు
జ్యోతి


ఎల్బీ నగర్,
7 ఆగస్టు 2024

బిడ్డ జ్యోతికి మామ రాసేది.

నీ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపించాను. రొట్టెల దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కారప్పొడి పంపిస్తుందట, ఆపలేకపోయాను.

నేను ఎట్లా నేర్పుతానో నాకేం తెలుసు? వంట చేసేవాళ్ళను ఉప్పు ఎంత వేస్తారని అడిగినట్టుంది. అయినా అడిగావు కాబట్టి రాస్తున్నాను. కొత్తగా వచ్చినవాళ్ళ చేతులు నెలరోజులు ముట్టుకోను. సుద్దముక్కతో నేల మీద రెండు గీతలు గీసి నడిపిస్తాను. దెబ్బ పిడికిల్లో పుట్టదు, మడమలో పుడుతుంది. తర్వాత చంకలో పేపరు ముక్క పెడతాను. ఒక చెయ్యి కొట్టి వెనక్కి వచ్చేదాకా రెండో చంకలో పేపరు జారకూడదు. నీకు ఆరు నెలలు జారింది, గుర్తుందో లేదో. ఎవరి పాదం ఎక్కడ తడబడుతుందో చూసి అక్కడే పట్టుకోవాలి. అందరికీ ఒకటే మందు పనికిరాదు.

కొట్టడం ఎవరైనా నేర్పుతారు. ఆగడం నేర్పేవాడే మాస్టరు. ఎదుటి మనిషి కుడిచెయ్యి బయటికి రావాలి, అప్పుడు పక్కకు అడుగేసి ఎడమచెయ్యి వదలాలి. ఆ ఒక్క క్షణం ఆగగలిగిన పిల్ల దొరకడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. తన్మయి దొరికిందనుకున్నాను.

ఓడిపోయింది జ్యోతీ. ఓడినందుకు బాధ లేదు, మాట విననందుకే. రెండు రౌండ్లు మనదే పైచేయి. మూడో రౌండ్లో ఆ కరీంనగర్ పిల్ల అలసిపోయినట్టు చేతులు దించింది. అది ఎర అని నాకు కనిపిస్తూనే ఉంది. ‘మల్ల! మల్ల!’ అని గొంతు పోయేలా అరిచాను. కార్నర్ నుంచి అరవకూడదని రిఫరీ కన్నెర్ర చేసినా ఆపలేదు. ఈ పిల్ల ఆగితేనా! నేను అరిచినకొద్దీ మీదికి పోయింది. ఆ కుడిచెయ్యి వచ్చి సూటిగా ఎడమ కంటి మీద పడింది. హెడ్‌గార్డ్ ఉన్నా కూలబడింది.

కన్ను వాచింది, తగ్గిపోతుంది. ఏడుస్తుంటే నేను ఓదార్చలేదు. ‘చెవులు ఇంట్ల పెట్టొచ్చినవా?’ అన్నాను. తల దించుకుని వాళ్ళ నాన్న బండెక్కి పోయింది.

మాట వినని పిల్లను ఏం చెయ్యాలో మీ కోర్సులో చెప్పారా?

మామ
లింగస్వామి


పటియాలా,
14 ఆగస్టు 2024

మామా,

నీ ఉత్తరంలో సగం నా ఐదు పేజీల్లోకి ఎక్కేసింది. మడమ, సుద్దగీత, పేపరు ముక్క చదివి మా సార్ మురిసిపోయాడు. ఆరు నెలలు జారింది నాకు కాదు, నాతో పాటు నేర్చుకున్న సాయినాథ్‌కు. నాకు నాలుగు నెలలే.

తన్మయి సంగతి అడిగావు. ఇక్కడ చెప్పేది ఒకటే. కార్నర్ మాట వినని బాక్సర్ తనకూ ప్రమాదం, మిగతావాళ్ళకూ చెడ్డ పాఠం. కొన్నాళ్ళు రింగుకు దూరంగా ఉంచాలి. జాలిపడితే క్రమశిక్షణ మిగలదు. నువ్వు ఎవరినైనా మెచ్చుకుంటే నెత్తిన పెట్టుకుంటావు, అదే నీతో చిక్కు. నేను గెలిచి వచ్చినప్పుడు కూడా ‘కాలు ఎందుకట్ల పెట్టినవ్’ అన్నవాడివి, ఆమె విషయంలో మాత్రం మెత్తబడ్డావు.

అంతకంటే నాకు తెలియదు. పరీక్షలు ఉన్నాయి, ఇంక రాయలేను. అమ్మకు కారప్పొడి చాలని చెప్పు.

జ్యోతి


ఎల్బీ నగర్,
3 సెప్టెంబర్ 2024

బిడ్డా,

నీ ఉత్తరం చూసిన రోజే గోడ మీది బోర్డులో తన్మయి పేరు తుడిచేశాను. చదువుకున్న పిల్లవు, నీ మాట నాకు ధైర్యమిచ్చింది. ఆమె మర్నాడు వచ్చి బోర్డు చూసి, గుమ్మంలోంచే వెనక్కి తిరిగింది. నేను చూసీ చూడనట్టు తాళ్ళు చుడుతున్నాను.

మొన్న ఆదివారం వాళ్ళమ్మ సూర్యప్రభ గారు షెడ్డుకు వచ్చారు. ఎప్పుడూ వాకిట్లో నిలబడి టిఫిన్ డబ్బా ఇచ్చి పోయే మనిషి. ఆ రోజు లోపలికి వచ్చి గ్లవ్స్ బల్ల మీద పెట్టారు. ఎడమ పక్కకు వచ్చి చెప్పమని అడిగాను.

“రెటీనా ఊడిపోయిందండీ. దెబ్బ తగిలిన దగ్గర్నుంచి కన్ను మసకగా ఉంటే, చెబితే మీరు తిడతారని మూడు వారాలు దాచుకుంది. మొన్న శుక్రవారం ఆపరేషన్ చేశారు. ఇంకోసారి తలకు దెబ్బ తగలకూడదంట,” అన్నారు.

అనకూడని మాటే అన్నాను. “ఆగుమని చెప్తనే ఉన్న గదమ్మా. వినలే,” అన్నాను.

ఆవిడ మొహం ఎర్రబడింది. “మీరు చెప్పినట్టే చేసిందండీ మా అమ్మాయి. మళ్ళీ, మళ్ళీ అని అరిచింది మీరు కాదా? వీడియోలో కూడా ఉంది. మళ్ళీ కొట్టమంటే మళ్ళీ కొట్టింది. దానికి చెవులు లేవన్నారు, పేరు తీసేశారు. కన్ను పోయాక పరువు కూడా తీయాలాండీ?”

నేను కొట్టమనలేదు జ్యోతీ. ఆ దేవుడి సాక్షిగా అనలేదు. ‘మల్ల’ అన్నాను, అంతే. స్టేడియం మొత్తం విన్నది. ఆ తల్లి అబద్ధమాడే మనిషి కాదు, నేనూ ఆడటం లేదు. మరి ఎవరిది తప్పు? రెండు రోజుల నుంచి షెడ్డు తెరవలేదు. పిల్లలు తాళం చూసి పోతున్నారు.

నువ్వు రెండు రకాల మాటలూ తెలిసినదానివి. ఏం జరిగిందో నీకేమైనా అర్థమైతే రాయి.

మామ


పటియాలా,
8 సెప్టెంబర్ 2024

మామా,

స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. కన్ను సంగతి చదివి ఇవాళ క్లాసుకు వెళ్ళలేదు.

ఏం జరిగిందో నాకు అర్థమైంది. తప్పు ఆ మాటలోనే ఉంది. బ్యాగ్ కొట్టేటప్పుడు నువ్వు ‘మల్ల’ అంటే ఇంకోసారి కొట్టమని. బౌట్‌లో, ఎదుటి మనిషితో తలపడేటప్పుడు, ‘మల్ల’ అంటే ఇప్పుడు కాదు, తర్వాత, ఆగు అని. మన ఇళ్ళలో రెండూ ఒకటే మాట. ‘మల్ల వస్త’ అంటే అమ్మ తలుపేసుకుంటుంది, తర్వాత వస్తారని తెలుసు కాబట్టి. నల్లగొండ నుంచి వచ్చిన మన పిల్లలకు నీ గొంతు తీరును బట్టే తెలిసిపోతుంది, ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

తన్మయి వాళ్ళది తణుకు. వాళ్ళింట్లో ‘మళ్ళీ’ అంటే ఇంకోసారి, అంతే. ఏడాదిన్నరగా బ్యాగ్ దగ్గర నువ్వు మల్ల అన్నప్పుడల్లా కొట్టి నీ చేత శభాష్ అనిపించుకుంది. ఆ రోజు రింగులో కూడా అదే వినబడింది. నువ్వు ఎంత గట్టిగా ఆగమంటే అంత గట్టిగా కొట్టమంటున్నావనుకుంది. మామా, ఆ పిల్ల నీ మాట వినకుండా దెబ్బ తినలేదు, విని తిన్నది.

నీ ఉత్తరం చూశాకే నాకు ఇది తట్టింది. వెళ్ళి కలువు. రింగుకు దూరంగా ఉంచమని రాసింది నేనేనని కూడా చెప్పు.

జ్యోతి


ఎల్బీ నగర్,
13 సెప్టెంబర్ 2024

బిడ్డ జ్యోతికి,

నీ ఉత్తరం అందిన సాయంత్రం ఆ మాటను నాలో నేనే పదిసార్లు అనుకుని చూశాను. యాభై ఎనిమిదేళ్ళు నోట్లో తిరిగిన మాట. దానికి రెండు ముఖాలున్నాయని ఒక్కరోజు ఆలోచించలేదు. ఆమె పాదం చూశాను, మోచెయ్యి చూశాను, ఊపిరి లెక్కపెట్టాను. నా మాట ఆమె చెవిలో ఏమవుతుందో చూడలేదు. ఇరవై ఏళ్ళ మాస్టరుగిరీ మట్టిలో కలిసింది.

నిన్న మన్సూరాబాద్‌లో తన్మయి వాళ్ళింటికి వెళ్ళాను. గేటు దగ్గర రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, పండ్లు కొందామని మళ్ళీ రోడ్డు మీదికి వచ్చి, ఇంక సాకులు దొరక్క లోపలికి పోయాను. వాళ్ళ నాన్న జోగారావు గారు దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో ఇంగ్లీషు చెబుతారు, నీకు తెలుసు కదా. తిడతారనుకున్నాను. కుర్చీ వేశారు, టీ ఇచ్చారు, “రండి మాస్టారూ” అన్నారు. తిట్టినా బాగుండేది.

ఆపరేషన్ చేసిన కన్ను కుదురుకోవాలంటే రోజంతా బోర్లా పడుకోవాలట. తన్మయి మొహం నేల వైపు పెట్టి మంచం అంచున పడుకుని ఉంది. నేను నేల మీద కూర్చున్నాను. నా ఎడమ చెవి ఆమె మొహం దగ్గరికి వచ్చేట్టు జరిగాను. నువ్వు రాసినదంతా చెప్పాను. ‘నేను ఆగుమన్న బిడ్డా, నీకు కొట్టుమన్నట్టు ఇనవడ్డది. నీ తప్పు లేదు. పేరు తుడిచింది నేను. నా చేతులతోనే తుడిచిన,’ అన్నాను. నువ్వు చెప్పమన్నది మాత్రం చెప్పలేదు, అది నీ మీదికి తోసినట్టవుతుంది.

సూర్యప్రభ గారు కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయారు.

“ఆ మాటకు అర్థమేందో ఒక్కసారన్న ఎవర్నన్న అడగలేదా అమ్మా?” అన్నాను.

మంచం అంచు మీద వేలితో గీతలు గీసింది. తర్వాత, “లేదు సార్. ఎవర్నీ అడగలేదు. నాకు తెలుసులే అనుకున్నాను. నాదే తప్పు,” అంది.

చూశావా, కన్ను పోగొట్టుకున్న పిల్ల తప్పు తన మీద వేసుకుంటోంది. నాకు సిగ్గేసింది. ఇట్లాంటి మనసున్న పిల్లకు చెవులు లేవన్నాను. నీ ఐదు పేజీల్లో నా పేరుంటే కొట్టెయ్యి. గొప్ప శిక్షకుడట!

మామ


పటియాలా,
20 సెప్టెంబర్ 2024

మామా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు చింపేశాను. ఇది ఐదోది.

తన్మయి అబద్ధం చెప్పింది. అడిగింది. నన్ను అడిగింది.

ఆమె చేరిన రెండో వారం. ఆ పొద్దున నువ్వు అందరి ముందు, ఎడమచేతి విద్య ఈ పిల్లకు నేర్పుతాను, ఇరవై ఏళ్ళుగా దీనికోసమే చూస్తున్నాను అన్నావు. నేను చేతులకు పట్టీలు చుట్టుకుంటున్నాను. నా పక్కనే వచ్చి కూర్చుని, “అక్కా, సార్ మల్ల అంటున్నారు కదా, అంటే మళ్ళీయేనా?” అంది. “ఆఁ, అదే,” అన్నాను. బ్యాగ్ దగ్గర అదే కదా, అది అబద్ధం కాదు. బౌట్‌లో వేరే అని చెప్పాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది. రానివ్వలేదు. ఒకరోజు నీ ముందు తప్పు చేసి తిట్లు తింటుందిలే అనుకున్నాను. తిట్లు మామా, తిట్లే. కన్ను కాదు.

మన షెడ్డులో పనిలో ఉండగా నిన్ను ప్రశ్న అడిగితే శిక్షగా వంద తాడు ఎగరాలి కదా. అందుకే ఆమె నీ దగ్గరికి రాలేదు, నా దగ్గరికి వచ్చింది. పెద్దదాన్నని నమ్మింది.

ఇంకొకటి ఉంది, అది దీనికంటే పాపం. నీ ఆగస్టు ఉత్తరంలో ‘మల్ల మల్ల అని అరిచాను, ఆగలేదు’ అని చదివిన క్షణమే నాకు అంతా తెలిసిపోయింది. నువ్వు అడిగాకే తట్టిందని రాసింది అబద్ధం. అప్పుడే రాసి ఉంటే నువ్వు వాళ్ళింటికి పరుగెత్తేవాడివి, తన్మయి మసక సంగతి నీకు చెప్పేది, మూడు వారాలు దాచుకునేది కాదు. రాయలేదు. పైగా రింగుకు దూరంగా ఉంచమని రాశాను. కార్నర్ మాట, క్రమశిక్షణ అని పెద్ద పెద్ద మాటలు వాడి నా తప్పును కప్పుకున్నాను.

నిన్న నా ఐదు పేజీలు క్లాసులో చదివించారు. ‘శిష్యుడి చెవితో తన మాట తాను వినేవాడే గొప్ప శిక్షకుడు’ అని చివర రాశాను. అందరూ చప్పట్లు కొట్టారు. బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

నన్ను తిట్టు మామా. తిట్టకపోతే ఎట్లా ఉండాలో నాకు తెలియడం లేదు.

జ్యోతి


ఎల్బీ నగర్,
17 అక్టోబర్ 2024

జ్యోతికి,

నీ ఉత్తరానికి జవాబు రాయడానికి మూడు వారాలు పట్టింది. మొదటి వారం కోపం. నిజం చెబుతున్నాను, ఎదురుగా ఉంటే చెయ్యి చేసుకునేవాడినేమో. బతుకమ్మ పండుగ నాడు మీ అమ్మ, ‘పిల్లకు ఉత్తరం రాసినవా?’ అంటే విసుక్కున్నాను. ఎందుకో ఆమెకు చెప్పలేదు.

కోపం దిగాక నీ ఉత్తరంలో ఒక ముక్క నన్ను పట్టుకుంది. ఆమె నా దగ్గరికి ఎందుకు రాలేదో నువ్వు రాశావు. వంద తాడు. పిల్లలు పనిలో ఏకాగ్రత తప్పుతారని పెట్టిన రూలు, మంచి రూలనే అనుకున్నాను. తీసేశాను. ఎవరైనా ఏదైనా అడగొచ్చు అన్నాను. మూడు రోజులు ఒక్కరూ నోరు విప్పలేదు. నాలుగో రోజు సంతోషి అని పన్నెండేళ్ళ పిల్ల భయపడుతూ వచ్చి, “సార్, గార్డ్ అంటే ఏంది సార్?” అంది. ఎనిమిది నెలల నుంచి నా దగ్గర నేర్చుకుంటోంది. ఎనిమిది నెలలుగా నేను గార్డ్, గార్డ్ అని అరుస్తుంటే పక్కవాళ్ళను చూసి చేతులు లేపుతోంది. ఇంకెందరి చెవుల్లో ఏమేం పడ్డాయో.

నువ్వు చెప్పని మాట నీ తప్పు. అడగనివ్వని నోరు నా తప్పు. ఒకదానితో ఇంకొకటి చెల్లిపోదు. నిన్ను తిట్టి నీ బరువు దించను, నాది ఎవరు దించుతారు?

మొన్న మంగళవారం తన్మయి వచ్చింది. కంటి దవాఖాన నుంచి ఇంటికి పోతూ వాళ్ళ నాన్న బండి ఆపించి, నల్లద్దాలు పెట్టుకుని షెడ్డులోకి వచ్చింది. పిల్లలంతా చుట్టూ మూగారు. బోర్డు మీద తన పేరు తిరిగి రాసి ఉండటం చూసింది. నా ఎడమ పక్కకు వచ్చి నిలబడి అడిగింది.

“సార్, నేను రింగులోకి ఎప్పుడు దిగొచ్చు?”

జోగారావు గారు ఆమె వెనక నుంచి తల అడ్డంగా ఊపుతున్నారు, చెప్పొద్దని. డాక్టరు చెప్పింది ఇంకా ఆమెకు చెప్పలేదట. ఆ తండ్రి మొహం చూడలేకపోయాను. కానీ ఆ పిల్ల ఏడాదిన్నరలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది.

“ఇంక దిగొద్దు బిడ్డా. ఎప్పటికీ దిగొద్దు,” అన్నాను.

ఏడవలేదు. నేల మీది సుద్దగీతల వైపు చూస్తూ నిలబడింది. వాళ్ళ నాన్న బయటికి పోయారు. ఆయన నాతో ఇక మాట్లాడతారో లేదో. కాసేపటికి తన్మయి ఇంకొకటి అడిగింది.

“మీరు ఆ మాటకు రెండర్థాలు ఉన్నాయని చెప్పారు కదా సార్. జ్యోతి అక్కకు తెలిసుంటుంది కదా. మరి నాకెందుకు చెప్పలేదు?”

నీ ఉత్తరం నా చొక్కా జేబులోనే ఉంది జ్యోతీ. “నాకు తెల్వదమ్మా,” అన్నాను.

నల్లద్దాలు పైకెత్తి ఒక కన్నుతో నా మొహం వైపు చూసింది. నమ్మిందో లేదో నాకు తెలియదు. నమ్మినట్టు తల ఊపి పోయింది. ఆమె అడిగిన రెండో ప్రశ్నకే అబద్ధం చెప్పాను. నీకోసం చెప్పాను. ఇంకోసారి చెప్పలేను.

డిసెంబరులో నీకు సెలవులు. అప్పటిదాకా ఆగకు. ఆమె ఫోన్ ఎత్తుతుంది, ఆమెకు అన్నీ బాగానే వినబడతాయి.

మామ
లింగస్వామి